ఖాళీగా తిరిగొచ్చే టిఫిన్ డబ్బా

తుమ్మలకుంట,
17 జూలై 2011

వదినా,

ఇక్కడ వాన పడింది. అంగన్‌వాడీ పైకప్పు రేకు ఒకటి గాలికి లేచిపోతే పిల్లలను బడి వరండాలో కూర్చోబెడుతున్నాను. మీరు, అన్న, అరవింద్ బాగున్నారని తలుస్తాను. మెస్సు ఎలా నడుస్తోంది? ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్లు ఇంకా మీ దగ్గరే తింటున్నారా?

ఫోన్ చేయవచ్చు కదా అనుకుంటారు. ఇక్కడ నీళ్ల ట్యాంకు మెట్లు సగం ఎక్కితే గాని సిగ్నల్ దొరకదు. ఎక్కి చేసినా మీ ఫోను నా బిడ్డ నవనీతే ఎత్తుతుంది. కొన్ని మాటలు అది వినకుండా అడగాలి. అందుకే కాగితం.

మా ఊరి గోపయ్య పోయిన వారం కట్టెల లారీ మీద శంషాబాద్ వచ్చి మీ మెస్సులోనే తిన్నాడట. తిరిగొచ్చి మా ఇంటి ముందు నిలబడి ఏమన్నాడో తెలుసా? "శివమ్మా, నీ బిడ్డ పలకరించేదాక నేను గుర్తే పట్టలే. గంత ఎండిపోయిందేంది? గిన్నెల కాడ కూసున్నది." చుట్టూ నలుగురున్నారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

గోపయ్య గోరంతను కొండంత చేస్తాడు, నాకు తెలుసు. కాని ఆ మాట చెవిలో పడ్డప్పటి నుంచి నిద్ర సరిగా లేదు. పిల్ల ఇంటర్ రెండో సంవత్సరంలో ఉంది. చదువుకుంటుందని పంపాను. నలభై మందికి వండే ఇంట్లో అది ఎప్పుడు తింటోంది? అందరూ తిన్నాక మిగిలిందా? గిన్నెల దగ్గర ఎందుకు కూర్చుంది?

తప్పు పడుతున్నానని అనుకోకండి. ఆయన పోయాక దానికి నేను, మీరు తప్ప ఎవరున్నారు? అరవింద్‌కు ఇరవై మూడు వచ్చినట్టున్నాయి. ఆ విషయంలో నా మనసులో ఒక మాట ఉంది. ఇప్పుడు రాయను.

మీ మరదలు,
శివమ్మ


శంషాబాద్,
26 జూలై 2011

శివమ్మా,

మధ్యాహ్నం మెస్సు ఖాళీ అయ్యాక, చేతుల తడి తుడుచుకుని ఇది రాస్తున్నాను. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ కడుపు మండింది.

రన్‌వే మీద పనిచేసేవాడు, టాక్సీ నడిపేవాడు, మూటలు మోసేవాడు నా చేతి కూడు తిని "అమ్మా, ఇంట్ల తిన్నట్టున్నది" అంటారు. నలభై మందికి పెట్టే చేయి నా తమ్ముడి బిడ్డకు పెట్టదా? మల్లేశ్వర్ పోయిన రోజు ఆ పిల్లకు తొమ్మిదేండ్లు. దానికి ముద్దలు కలిపి పెట్టింది ఎవరు? మరిచినట్టున్నావు.

గిన్నెల దగ్గర కూర్చున్న మాట నిజం. తన టిఫిన్ డబ్బా తానే తోముకుంటుంది. వద్దంటే వినదు. పొద్దున రెండు రొట్టెలో, అన్నం పప్పో పెట్టి పంపుతాను. సాయంత్రానికి డబ్బా అద్దంలా ఖాళీ. రాత్రి అడిగితే "ఇఖ్రా వాళ్లింట్ల తిన్న అత్తా" అంటుంది. ఇఖ్రా అంటే మా వీధి చివర దర్జీ పని చేసే జకియా కూతురు. ఇద్దరూ ఒకే కాలేజీ. ఇంతకన్నా ఏం చూడమంటావు?

చిక్కిన మాట వాస్తవమే. ఈడొచ్చిన పిల్ల సాగుతుంది, చిక్కుతుంది. నేను అసలు పరేషాన్ అవుతున్నది వేరే దానికి. అద్దం ముందు నిలబడితే కదలదు. ఒకసారి ముందుకు తిరుగుతుంది, ఒకసారి పక్కకు తిరుగుతుంది. నేను లోపలికి రాగానే చున్నీ కప్పుకుంటుంది. కాలేజీ నాలుగింటికి వదిలితే ఇల్లు చేరేది ఆరున్నరకు. ఏదో స్పెషల్ క్లాసు అంటుంది. ఎవడైనా ఉన్నాడేమోనని నా అనుమానం.

మొన్న దాని లెక్కల పుస్తకం దులిపితే ఒక చీటీ పడింది. పేరు లేదు, ఊరు లేదు. "ఏప్రిల్ 10 - 58. మే 8 - 55. జూన్ 12 - 51½. జూలై 3 - 48." కింద ఎర్ర పెన్నుతో "ఇంకా" అని రాసి రెండు గీతలు కొట్టింది. ఫోన్ నంబరు కాదు, బస్సు నంబరు కాదు. ఎవడితోనో సంకేతం పెట్టుకున్నట్టుంది. నీకు ఏమైనా తెలిస్తే రాయి. చీటీ ఎక్కడిదక్కడే పెట్టాను.

ఆ రాయనన్న మాట కూడా రాయి. సగం మాట కడుపులో పెట్టుకునే అలవాటు నీకు పెండ్లి నాటి నుంచి ఉంది.

భాగ్యలక్ష్మి


తుమ్మలకుంట,
5 ఆగస్టు 2011

వదినా,

ఆ చీటీ సంగతి మీ ఉత్తరంలో చదవగానే నా బరువుల పుస్తకం తీసి పక్కన పెట్టుకున్నాను. అది ఎవడి సంకేతమూ కాదు. అంగన్‌వాడీలో నేను నెల నెలా రాసేలాంటి లెక్కే అది. పిల్లల్ని ఉయ్యాల తక్కెడలో వేసి తూచి, తేదీ రాసి, పక్కన బరువు రాస్తాను. ఒక్క నెల గీత కిందికి దిగితే ఆ ఇంటికి వెళ్లి తల్లిని అడుగుతాను. రెండు నెలలు దిగితే దవాఖానకు పంపుతాను. నా సొంత బిడ్డ మూడు నెలల్లో పది కిలోలు తగ్గితే నాకు చెప్పేవాళ్లు లేరు!

ఇప్పుడు చెప్పండి, దాన్ని ఎవరు తూస్తున్నారు? ఎందుకు తూస్తున్నారు? తిని డబ్బా ఖాళీ చేస్తుంటే ఒళ్లు ఎందుకు కరుగుతోంది? నా పన్నెండేండ్ల పనిలో ఇలాంటి లెక్క ఒకే జబ్బులో చూశాను. ఇక్కడ ఇద్దరికి వచ్చింది, ఆరు నెలలు మందులు మింగించాను. టీబీ. దగ్గు ఉందా? సాయంత్రం జ్వరం వస్తోందా? దవాఖానకు తీసుకుపోయి, అక్కడ తూయించి, బయటికి తెలిస్తే మెస్సుకు ఎవరూ రారని దాస్తున్నారేమోనని నా అనుమానం. వదినా, మెస్సు మళ్లీ పెట్టుకోవచ్చు.

రాయనన్న మాట కూడా రాస్తున్నాను. మేనరికం పేరు చెప్పి దాన్ని మీ వంటింట్లోనే కట్టేద్దామనుకుంటే ఇప్పుడే చెప్పండి. అందుకే చదువు మీద దాని మనసు విరిచేస్తున్నారని ఇక్కడ అనేవాళ్లున్నారు. నేను అనడం లేదు.

ఉత్తరం అందగానే కఫం పరీక్ష చేయించి కాగితం పంపండి. నోటి మాట వద్దు.

శివమ్మ


శంషాబాద్,
24 ఆగస్టు 2011

శివమ్మా,

కాగితాలు ఇందులోనే ఉన్నాయి, నీ కళ్లతోనే చూసుకో. కఫంలో ఏమీ లేదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. రక్తం మాత్రం ఏడుకు పడిపోయింది. "తింటున్నావామ్మా?" అని డాక్టరు అడిగితే "మంచిగ తింటున్న సార్" అంది. కళ్లలోకి చూసి అంది. నేనే నమ్మాను.

అరవింద్ సంగతి ముందు తేల్చుకో. వాడు షాద్‌నగర్‌లో తనతో పనిచేసే పిల్లను ఇష్టపడ్డాడు, కార్తీకంలో అడగబోతున్నాం. నీ బిడ్డను వాడు చెల్లెలిలాగే చూస్తాడు. ఇక నీ ఊళ్లో అనేవాళ్లను అననీ.

అసలు సంగతి జకియా చెప్పింది. దవాఖాన నుంచి వస్తుంటే తన మిషన్ ఆపి పిలిచింది. "భాగ్యమ్మా, మీకు మాలూమ్ అనుకున్న. ఈ నాలుగు నెలలల్ల నవనీత డ్రెస్సులు మూడుసార్లు కుట్లు లోపలికి వేసిన. టేపు పెట్టినప్పుడల్లా ఎంతొచ్చింది ఆంటీ, ఎంతొచ్చింది అంటది. నాకు భయమైంది. మీరే తగ్గమని చెప్పిండ్రని అన్నది, అందుకే నోరు మూసుకున్న." నవనీత మీ ఇంట్లో తింటుందట కదా అని అడిగాను. జకియా చేతిలో కత్తెర కింద పెట్టింది. "మా ఇంట్ల? రంజాన్ నెల నడుస్తున్నది. ఇఫ్తారుకు పిలిస్తే ఖర్జూరం సుత ముట్టలే."

మరునాడు నేను పనులు విడిచి కాలేజీ గేటు ఎదురుగా బడ్డీ వెనక నిలబడ్డాను. ఈ వయసులో దొంగలా. మధ్యాహ్నం బయటికి వచ్చింది. గోడ పక్కన డబ్బా విప్పి, నేను పొద్దున్నే లేచి కాల్చిన రొట్టెలు తుంచి కుక్కలకు వేసింది. అవి దానికోసం ఎదురుచూస్తున్నాయి, అలవాటైపోయినట్టు. తర్వాత నల్లా దగ్గర డబ్బా కడుక్కుంది. నేను అరవలేదు. వచ్చిన దారినే ఇల్లు చేరాను.

స్పెషల్ క్లాసు కూడా తెలిసింది. హైవే మీద, సెల్‌ఫోన్ దుకాణం పైన, విమానాల్లో ఉద్యోగానికి తయారు చేస్తామని ఒక సెంటరు పెట్టారు. అక్కడి మేడం ఏప్రిల్‌లోనే దీన్ని తక్కెడ ఎక్కించి "ముందు ఎనిమిది కిలోలు తగ్గించుకుని రా, రంగు సంగతి తర్వాత చూద్దాం" అందట. ఇఖ్రా ఏడ్చుకుంటూ చెప్పింది.

ఇంతవరకు నేను వాళ్లను తిడుతూనే ఉన్నాను. తర్వాత దాని సంచిలో నీ ఉత్తరం దొరికింది. ఏప్రిల్ మూడో తేదీది. నీ చేతిరాతే. "సంక్రాంతికి వచ్చినప్పుడు రుక్కమ్మ నిన్ను చూసి పెండ్లయిన పిల్లనుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది. నలుపు ఎలాగూ మారదు, ఒళ్లన్నా తగ్గించుకో." చీటీలో మొదటి తేదీ ఏప్రిల్ పది. శివమ్మా, నన్ను అనుమానించేటప్పుడు ఈ ఉత్తరం నీకు గుర్తుందా, లేదా?

ఇంక ఇన్ని రోజులు ఊళ్లో పిల్లల బరువులు ఎలా తూస్తున్నావో నాకు అర్థం కాలేదు.

భాగ్యలక్ష్మి


తుమ్మలకుంట,
9 సెప్టెంబరు 2011

వదినా,

పది రోజులు కలం ముట్టలేదు. నేను అలా రాయలేదని అబద్ధం రాద్దామనుకున్నాను. రాశాను. రాసి, అంటించి, దాని మంచికే కదా అనుకుంటూ తపాలా డబ్బాలో వేసి వచ్చాను.

ఎందుకు రాశానో వినండి. మీ ఇంటికి నన్ను తీసుకొచ్చి చూపించిన రోజు మీకు గుర్తుండకపోవచ్చు. మీ అమ్మ నా గదవ పట్టుకుని వెలుగుకు తిప్పి చూసి, "పిల్ల నల్లగున్నది. అయితే అయింది, పని చేస్తది" అంది. తలుపు వెనక నుంచి నవ్వు వినబడింది. అది మీ నవ్వు వదినా. ఇరవై ఏండ్లుగా మీ ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఆ తలుపు చూస్తాను. నా బిడ్డకు అలాంటి నవ్వు వినబడకూడదనుకున్నాను. వినబడకుండా చేయాలని ఆ మాట నేనే ముందు అన్నాను. ఇప్పుడు తెలుస్తోంది ఏం చేశానో.

కాని తప్పంతా నా ఒక్కదాని నెత్తిన వేయకండి. జూన్‌లో నవనీత నాకు రాసింది. అరవింద్ దాన్ని "డ్రమ్ము" అని పిలుస్తాడట. మెస్సులో అందరి ముందు "డ్రమ్ము వస్తున్నది, జర తొవ్వ ఇడువుండి" అంటాడట. తినే మగవాళ్లందరూ నవ్వుతారట. "అత్త సుత నవ్వుతది" అని రాసింది. బావ కదా, సరదాకు అంటాడులే అనుకుని నేను జవాబు కూడా రాయలేదు. మీరు నవ్వారా, లేదా?

దాని ముందు మీకు ఏమీ తెలియనట్టే ఉండండి. తిడితే ఇంకా మొండికేస్తుంది. డబ్బా మాత్రం రోజూ గమనించండి. పళ్లెంలో ఎంత పెట్టారు, ఎంత మిగిలింది, నాకు రాయండి. నేను వస్తాను. తెలంగాణ కోసం సమ్మె మొదలవుతుందంటున్నారు, బస్సులు ఆపేస్తారట. ఆపకముందే రావాలని చూస్తున్నాను గాని సూపర్‌వైజరమ్మ సెలవు ఇవ్వడం లేదు.

శివమ్మ


శంషాబాద్,
7 అక్టోబరు 2011

శివమ్మా,

గోపయ్య ఇంటికి నాలుగుసార్లు ఫోన్ చేయించాను, కలవలేదు. బస్సులు లేవు. ఈ ఉత్తరమన్నా చేరాలని రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, పిల్ల బాగానే ఉంది. కూర్చుని చదువు.

సద్దుల బతుకమ్మ రోజు కాలేజీ లేదు, సమ్మె కదా. పొద్దంతా ఇఖ్రాతో కలిసి గునుగు పూలకు రంగులద్దింది. బతుకమ్మను తానే పేర్చింది, మోకాలెత్తు. తానే ఎత్తుకుంటానంది. వీధి మలుపు దాకా నడిచిందో లేదో, బతుకమ్మ పక్కకు ఒరిగింది. పూలు పడుతున్నాయని నేను పూల వైపు చూశాను. పడింది పిల్ల. నుదురు రాయికి తగిలి రక్తం. అరవింద్ ఎత్తుకుని ఆటోలోకి ఉరికాడు. వాడు ఎత్తుకున్నప్పుడు వాడి ముఖం చూశాను. బస్తాలు మోసే చేతులకు అంత తేలిక తగిలేసరికి వాడు బెదిరిపోయాడు.

రాజేంద్రనగర్‌లో ప్రేమలత అనే డాక్టరమ్మ దగ్గర రెండు రోజులు ఉంచారు. నుదుటికి మూడు కుట్లు, సెలైను. డాక్టరమ్మ నన్ను బయట కూర్చోబెట్టి అడిగింది. "జబ్బు కడుపులో లేదమ్మా. తన ఒంటిని ఈ పిల్ల పగోన్ని చూసినట్టు చూస్తున్నది. మీ ఇంట్ల ఆమె ఒళ్లు గురించి ఎవరు మాట్లాడుతరు?"

"అందరం" అన్నాను.

అవును శివమ్మా, నవ్వాను. డ్రమ్ము అంటే నవ్వాను. చిక్కాక "ఇప్పుడు మంచిగ కనబడుతున్నవ్ బిడ్డా" అని మెచ్చుకున్నది కూడా నేనే. ఆ మెచ్చుకోలే ఎక్కువ చెడు చేసిందని డాక్టరమ్మ అంది. లావన్న మాట వద్దు, చిక్కావన్న మాట వద్దు, తూకం వద్దు, పక్కన కూర్చుని మీరు తినండి, వారం వారం పిల్లను తీసుకురండి, ఆమెతో నేను మాట్లాడతాను అంది.

పిల్లకు తెలివొచ్చాక అడిగాను. "ఆకలి కాదా బిడ్డా?" సెలైను పట్టీని గోకుతూ చెప్పింది. "మొదట్ల అయ్యేది అత్తా. ఏడుపొచ్చేది. ఇగ ఇప్పుడు తెల్వదు." తలుపు దగ్గర అరవింద్ నిలబడి ఉన్నాడు. "నవ్వొద్దాయె నవనీతా, నేను గట్ల అనొద్దాయె" అన్నాడు. అది ముఖం తిప్పుకుంది. వాడు గంటసేపు అక్కడే నిలబడ్డాడు.

నేను ఇవాళ పొద్దున ఆ సెంటరుకు వెళ్లాను. మేడం చాలా మర్యాదగా కుర్చీ వేసింది. "మేము రూల్ ఏంటో చెప్పామంతేనండి, బలవంతం ఏమీ లేదు" అంది. "పదహారేండ్ల పిల్లను తక్కెడెక్కించినప్పుడు వాళ్ల అమ్మనో అత్తనో పిలవాలె అనిపియ్యలేదా?" అని అడిగాను. మేడం బల్ల మీద కాగితాలు సర్దుకుంది. గది నిండా దీని ఈడు పిల్లలు. ఎవరూ నా వైపు చూడలేదు. వాళ్లలో ఎంతమంది డబ్బాలు ఖాళీగా ఇళ్లకు చేరుతున్నాయో.

నువ్వు వస్తానని రాసి రాలేదని నాకు కోపం లేదు. కాని రా.

భాగ్యలక్ష్మి


తుమ్మలకుంట,
29 అక్టోబరు 2011

వదినా,

చేరాను. ఆరాంఘర్ దగ్గర బస్సు దొరికింది, అచ్చంపేట దాకా నిలబడే వచ్చాను. మీ దగ్గరికి వచ్చేటప్పుడు గోపయ్య లారీలో కట్టెల మీద కూర్చుని వచ్చినదానికన్నా ఇది నయం.

మీ ఇంట్లో ఉన్న తొమ్మిది రోజులు మనం ఒకరితో ఒకరం మంచిగానే మాట్లాడుకున్నాం. కాని నిజం చెబుతున్నాను, నాకు నమ్మకం కుదరలేదు. నేను వంటింట్లోకి వస్తే మీరు గిన్నె మూత పెట్టేవారు. నేను లేనప్పుడు ఎక్కువ తిన్నదని చెప్పేవారు. నన్ను ఊరడించడానికి అంటున్నారేమోనని నేను చెత్త బుట్ట చూసేదాన్ని. మీరు నన్ను చూశారు. చూడనట్టు పోయారు.

మూడో రోజు మధ్యాహ్నం నవనీత అన్న మాట నా చెవుల్లోంచి పోవడం లేదు. అన్నం ముందు కూర్చుంది. మీరు అటు, నేను ఇటు. దాని చేయి పళ్లెంలోకి పోతే మన ఇద్దరి కళ్లూ దానితో పాటే పోతున్నాయి. అది చేయి తీసి, "నా పళ్లెంల అంత మీ కండ్లే ఉన్నయి. ఇగ నేనేం తినాలె?" అంది. "దొంగకు కావలి ఉన్నట్టు ఉంటున్నరు ఇద్దరు" అని లేచిపోయింది. మీరు పప్పు గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను ముఖం కడుక్కునే నెపంతో బయటికి పోయాను.

ఆలోచించాను వదినా. జూలై నుంచి మనం చేసింది ఇదే. మీరు నన్ను అనుమానించారు, నేను మిమ్మల్ని. ఇద్దరం కలిసి దాన్ని. దాని పుస్తకాలు దులిపాం, సంచి వెతికాం, బడ్డీ వెనక నిలబడ్డాం. అది కూడా తన ఒంటిని అచ్చం మనలాగే అనుమానంగా చూసుకుంది. ఎవరి దగ్గర నేర్చిందో వేరే అడగాలా?

నిన్న ఆ రుక్కమ్మే అంగన్‌వాడీకి వచ్చి, "బిడ్డ చిక్కిందట గదా, ఇగ సంబంధాలు ఒకటెనుక ఒకటి వస్తయ్" అంది. "నా బిడ్డ ఒళ్లు గురించి నా ముందట మాట్లాడకు అక్కా" అన్నాను. మాట కొంచెం గట్టిగానే వచ్చింది. తక్కెడలో ఉన్న పసివాడు ఉలిక్కిపడి ఏడ్చాడు.

ఒకటి అడుగుతున్నాను. మీ ఉత్తరాలన్నీ ఇందులో పెట్టి పంపుతున్నాను. నావి మీ దగ్గర ఉన్నాయి. అన్నీ కలిపి దానికి ఇవ్వండి. నేను మిమ్మల్ని అన్న మాటలు, మీరు నన్ను అన్నవి, ఆ తలుపు వెనక నవ్వు, అన్నీ చదవనీయండి. దాని వెనక దాని గురించి ఇంకొక్క ముక్క కూడా రాయలేను. నా మీద మనసు విరిగితే విరగనీయండి.

శివమ్మ


శంషాబాద్,
21 నవంబరు 2011

శివమ్మా,

నీ కట్ట అందగానే ఇచ్చానని రాస్తే అబద్ధం. ఆరు రోజులు పాత చీరల కింద దాచాను. పిల్ల మన ఇద్దరి ముఖాలూ చూడదేమోనని భయం. నీ ఉత్తరంలో నన్ను అన్నవి చదివి నీ పక్షం చేరుతుందేమోనని కూడా అనిపించింది. ఉన్న మాట చెబుతున్నాను.

మొన్న ఆదివారం మెస్సుకు సెలవు. తీసి చేతికిచ్చాను. "ఇవి నేను, మీ అమ్మ రాసుకున్నయి. నీ గురించే" అన్నాను. డాబా మీదికి తీసుకుపోయింది. నేను కింద కందులు ఏరుతూ కూర్చున్నాను. ఏరినవే మళ్లీ ఏరాను. విమానం మోత తగ్గినప్పుడల్లా పైన ఏమైనా అలికిడి వినబడుతుందేమోనని చెవి పెట్టాను.

సాయంత్రం దిగి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. ముందు నవ్వింది. "అమ్మ టీబీ అనుకున్నదా! పాపం ఆ డాక్టర్ సారు ముందల నన్ను ఎన్నిసార్లు దగ్గిపిచ్చినవ్ అత్తా!" నేను కూడా నవ్వాను. తర్వాత నా పక్కన కూర్చుని చాటలో కందులు వేళ్లతో కదుపుతూ అడిగింది.

"అత్తా, అమ్మను చూసి నిజంగ నవ్వినవా?"

"నవ్విన బిడ్డా."

"ఎందుకు?"

చేతిలోని కందులు చాటలో వదిలేశాను. నేను కూడా అప్పటికి ఇరవై దాటిన పిల్లనే. నా పెండ్లికి ముందు నన్ను చూడడానికి వచ్చినవాళ్లు నా పండ్లు ఎత్తుగా ఉన్నాయని రెండుసార్లు వాపసు పోయారు. ఆ రోజు మాటలు పడుతున్నది నేను కాదు, ఇంకొకరు. ఆ సంతోషానికి నవ్వానేమో. దానికి ఇదే చెప్పాను. నీకు కూడా చెబుతున్నాను శివమ్మా. తప్పు చేశాను. ఇరవై ఏండ్లు ఆ తలుపును నువ్వు చూస్తున్నావని నాకు తెలియదు. పెద్దదాన్నని ఊరుకోకు, మనసులో ఏమున్నా ముఖం మీదే అను. పడతాను.

అది అంతా విని ఉత్తరాలన్నీ ఒక్కొక్కటిగా మడత పెట్టింది. చివరికి, "ఇన్ని కాగితాలల్ల అంత నా ముచ్చటే ఉన్నది అత్తా. నన్ను అడిగినోళ్లు ఒక్కరు లేరు" అంది.

"ఏం అడగమంటవు బిడ్డా?"

"తిన్నవా అని కాదు. ఎట్లున్నవ్ అని."

అడిగాను. ఏమందో నేను రాయను. అది చెప్పదలుచుకుంటే నీకే చెబుతుంది.

అంతా బాగైపోయిందని అనుకోకు. కొన్ని రోజులు మామూలుగా తింటుంది, కొన్ని రోజులు సగంలో లేచిపోతుంది. నేను పళ్లెం వైపు చూడకుండా నా ముద్ద నేను తింటున్నాను. ఎంత కష్టమో నీకు తెలుసు. గురువారం గురువారం డాక్టరమ్మ దగ్గరికి వెళుతుంది. నన్ను బయట కూర్చోమంటుంది, కూర్చుంటున్నాను. సెంటరుకు తానే మానేసింది, కాని ఎయిర్‌పోర్టులో పని చేయాలన్న కోరిక పోలేదు. చేస్తుందో, వేరే దారి పట్టుకుంటుందో, దాని ఇష్టం. మెస్సులో ఒకడు మొన్న "డ్రమ్ము ఏది?" అని అడిగాడు. అరవింద్ వాడి ముందు నుంచి విస్తరి తీసేసి, "ఆమె పేరు నవనీత. పేరు పెట్టి అడుగు, అన్నం పెడత" అన్నాడు. అది లోపలి నుంచి వింది. వాడితో మాత్రం ఇంకా మాటలు లేవు. వాడు కాచుకోవాలి.

ఇప్పుడు దాని గదిలో తలుపు వేసుకుని నీకు రాస్తోంది. గంట దాటింది. మధ్యలో ఒకసారి తలుపు తీసి, "ఇంకో రెండు కాగితం తావులు ఉన్నయా అత్తా?" అని అడిగి తీసుకుపోయింది. రెండు ఉత్తరాలూ ఒకే కవరులో పంపుదామంటే ఒప్పుకోలేదు. దానిది వేరే కవరు. మైదాతో తానే అంటిస్తానంది.

ఇక ఆపుతాను. తపాలా పెట్టె తీసే వేళైంది. రెండూ నేనే తీసుకుపోయి వేస్తాను. దాని కవరు నాదానికన్నా లావుగా ఉంది.

నీ వదిన,
భాగ్యలక్ష్మి